లండను సంతలు – క్రొత్తవారి స్థానము

ఉద్యోగరీత్యా స్వస్థలమును వీడి పరనగరమున కాపురము పెట్టిన కుటుంబమునకు మొదటి దినముననే అంగడితో పని కలుగును. బియ్యమెక్కడ దొరకును, పప్పు ఉప్పులను ఏ కొట్టువాడు నమ్మకముగా తూచి యిచ్చును, కూరగాయలకు ఏ వేళ పోవలెను అను ప్రశ్నలకు సమాధానము దొరికిన పిమ్మటగాని ఆ నగరము తనదిగా తోపదు. కావున ఒక నగరము క్రొత్తవారిని ఎట్లు ఆదరించినదో తెలియగోరువారు ఆ నగరపు సంతల చరిత్రను పరిశీలించుట యుక్తము. ఇందుకు లండను మంచి ఉదాహరణము. ఎనిమిది శతాబ్దములకు పైగా జర్మనులు, ఫ్రెంచివారు, ఐరిషువారు, యూదులు, వంగీయులు, పంజాబీలు, కరీబియను ద్వీపవాసులు ఆ నగరపు సంతలకు వచ్చిరి. వారిలో అనేకులు మొదట కొనుగోలుదార్లు, పిమ్మట అమ్మకందార్లు, తుదకు పౌరులు. ఈ చరిత్రలో తెలుగుదేశపు వస్త్రమునకు కూడ ఒక అధ్యాయము కలదు.

లండను పాతనగరము నడుమ చీప్‌సైడు అను వీధి యున్నది. 'చీప్' అను మాటకు నేడు చౌక యని అర్థమైనను, ప్రాచీనాంగ్లమున బేరము, సంత అని అర్థము. దాని ప్రక్కనున్న సందులకు రొట్టెల వీధి, పాల వీధి, కోళ్ళ వీధి అను అర్థములిచ్చు పేర్లు నేటికిని నిలిచి యున్నవి. గోడ వెలుపల స్మిత్‌ఫీల్డు మైదానమున ప్రతి శుక్రవారము గుర్రముల సంత జరుగుచుండెడిదని 12వ శతాబ్దమున విలియం ఫిట్జ్‌స్టీఫెన్ అను మతాచార్యుడు వర్ణించెను. థేమ్సు నది యొడ్డున బిల్లింగ్స్‌గేటు రేవు చేపలకు ప్రసిద్ధి. 1327లో మూడవ ఎడ్వర్డు రాజు నగరమునకిచ్చిన శాసనము ప్రకారము సుమారు ఆరున్నర మైళ్ళ లోపల పోటీ సంత నెవ్వరును పెట్టరాదు. ఒక మనిషి సరకు మోసికొని నడచి వచ్చి, అమ్ముకొని, ఆ దినముననే యిల్లు చేరగల దూరము అదియేనని అందుకు కారణము చెప్పుదురు.

ఊరు తెలియని వర్తకునకు సంతలో రెండు భయములుండును. కొలతలో మోసపోవుట మొదటిది. మోసపోయినచో వినువారు లేకుండుట రెండవది. ఈ రెంటిని గూర్చియు ఆంగ్లేయులు తొలినాళ్ళలోనే ఆలోచించిరి. 1215 నాటి మాగ్నాకార్టా రాజునకును ప్రభువులకును జరిగిన ఒడంబడికగా చరిత్ర పాఠములలో ప్రసిద్ధము. అందు సంతకు సంబంధించిన నిబంధనలును కలవు. రాజ్యమంతటను ధాన్యమునకు ఒక్కటే కొలత యుండవలెననియు, ఆ కొలత లండను కుంచమే కావలెననియు ఒక నిబంధన. వర్తకులు నిర్భయముగా దేశమునకు వచ్చి పోవచ్చుననియు, వారిపై అన్యాయపు సుంకములు వేయరాదనియు మరియొక నిబంధన. యుద్ధకాలమున శత్రుదేశపు వర్తకులకు మాత్రము మినహాయింపు.

రెండవ భయమునకు విరుగుడు 'దుమ్ము కాళ్ళ న్యాయస్థానము'. 1133లో మొదటి హెన్రీ రాజిచ్చిన శాసనముపై స్మిత్‌ఫీల్డులో ఏటేట ఆగస్టు మాసమున బర్తలోమ్యూ తిరునాళ్ళు జరుగుచుండెడివి. దూరదేశములనుండి కాలినడకను వచ్చిన వర్తకుని పాదములకు దారిదుమ్ము ఇంకను అంటియుండగనే అతని వ్యాజ్యమును విచారించి తీర్పు చెప్పు న్యాయస్థానము అచ్చట నెలకొనియుండెను. దుమ్ము పట్టిన పాదములు అను అర్థముగల ఫ్రెంచి మాటలే ఆంగ్లేయుల నోట 'పైపౌడర్' అయినవి. తిరునాళ్ళు ముగిసినంతనే వర్తకుడు వెడలిపోవలెను; వాయిదాలపై వాయిదాలు వేసిన న్యాయము అతనికి అన్యాయముతో సమానము. కావున ఒకటి రెండు దినములలోనే తీర్పు చెప్పెడివారు. ఆ తిరునాళ్ళు 1855లో నిలిచిపోయినవి. ఒకప్పుడు బట్టల కొట్లు బారులు తీరిన సందునకు మాత్రము 'క్లాత్ ఫెయిర్' అను పేరు నేటికిని కలదు.

శాసనములు ఇట్లుండగా ఆచరణము వేరుగా నుండెను. నగరపు గోడల లోపల చిల్లర వర్తకము చేయు హక్కు నగర స్వాతంత్ర్యము పొందినవారికే కలదు. శ్రేణులలో చేరనివానికి, అందును విదేశీయునకు, ఆ హక్కు లభించుట దుర్లభము. యూదులను 1290లో దేశమునుండియే వెడలగొట్టిరి. 1656 వరకు వారికి బహిరంగముగా పునఃప్రవేశము లేకపోయెను. జర్మను వర్తకులు నదీతీరమున స్టీల్‌యార్డు అను ప్రాకారములోపల తమ గిడ్డంగులతో, తమ నియమములతో వేరుగా నివసించిరి. 1598లో ఎలిజబెత్తు రాణి దానిని మూయించెను. 1517 మే 1వ తేదీన చేతిపనివారు, శిష్యులు మూకలై విదేశీయుల యిండ్లపైబడి కొల్లగొట్టిరి. అప్పుడు నగరాధికారిగానున్న థామస్ మోర్ వారిని శాంతింపజేయ యత్నించి విఫలుడయ్యెను. అల్లరి చేసినవారిలో పదిమందికి పైగా ఉరితీయబడిరి. ఆంగ్లేయుల చరిత్రలో ఆ దినమునకు 'దుష్ట మే దినము' అని పేరు. గోడల లోపల ఇట్టి నిర్బంధము లుండుటచేతనే క్రొత్తవారు గోడకు తూర్పుగా స్పిటల్‌ఫీల్డ్సు, వైట్‌చాపెలు ప్రాంతములలో స్థిరపడుట ఆచారమయ్యెను. లండను సంతల కథలో మిక్కిలి రసవంతమైన భాగము ఈ తూర్పు వీధులదే.

అచ్చటికి పోవుటకు ముందు ఒక్కసారి మన తీరమును చూడవలెను. లండను వర్తకుడు మచిలీపట్టణమున తానే క్రొత్తవాడు. ఈస్టిండియా కంపెనీవారు 1611లో అచ్చట వర్తకస్థానము నెలకొల్పిరి. స్థానికాధికారుల సుంకములతో వేగలేక గోల్కొండ సుల్తానును ఆశ్రయింపగా, 1632లో వారికి 'బంగారు ఫర్మానా' లభించెను. సాలున 500 వరహాలు చెల్లించి గోల్కొండ రేవులలో స్వేచ్ఛగా వర్తకము చేసికొనవచ్చునని దాని సారాంశము. భాష తెలియక, తూనికలు తెలియక, దుబాసీలపై ఆధారపడి యుండిన ఆ ఆంగ్లేయులు పరాయి సంతలో హక్కు కొరకు అర్థించినవారే.

వారు అచ్చట కొనినవానిలో ముఖ్యమైనవి వస్త్రములు. చిరువేరు ఎరుపుతో, కలముతో చిత్రించిన కృష్ణాతీరపు అద్దకపు గుడ్డలు ఉతికినను రంగు వీడవు. తెలుగున చీటి యనబడు ఈ గుడ్డయే ఆంగ్లేయుల 'చింట్జ్'. లెడెన్‌హాలు వీధిలోని కంపెనీ భవనమున వీనిని వేలము వేయగా చిల్లర వర్తకులు కొని ఊరంతటను అమ్మిరి. మొదట తెరలకును పడక దుప్పట్లకును వాడిన గుడ్డను క్రమముగా గొప్పయింటి స్త్రీలు గౌనులుగా ధరింపసాగిరి. పిమ్మట దాసీజనమును అనుసరించిరి. ఉన్నియు పట్టును నేయువారి బ్రతుకుతెరువునకు దెబ్బ తగిలెను. 1700లో పార్లమెంటు చేసిన శాసనముచే హిందూదేశపు చిత్రిత వస్త్రములను ధరించుటయు వాడుటయు నిషిద్ధమయ్యెను. తెల్లగుడ్డను తెప్పించి లండనులోనే అద్దించుకొను ఉపాయము మాత్రము మిగిలెను. 1719 వేసవిలో స్పిటల్‌ఫీల్డ్సు నేతగాండ్రు వీధులలో తిరుగుచు, అద్దకపు గౌను కనబడిన స్త్రీపై సిరా, ఆమ్లము చల్లిరి. బట్టలను ఒంటిమీదనే చింపిరి. 1721లో మరింత కఠినమైన శాసనము వచ్చెను. బ్రిటనులో తయారైన నూలువస్త్రముల విషయమున 1774లో ఆ నిషేధము తొలగినది. అప్పటికి వారి నూలు యంత్రములు కదలనారంభించినవి.

ఈ ఘట్టమున గమనింపదగిన విషయ మొకటి కలదు. స్పిటల్‌ఫీల్డ్సు నేతగాండ్రలో అనేకులు తామే శరణార్థులు. 1685లో ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ ప్రొటెస్టెంటుల మతస్వాతంత్ర్యమును రద్దుచేయగా వేలకొలది హ్యూగెనాట్లు పారిపోయి లండను చేరిరి. వారిలో పట్టునేతగాండ్రు అనేకులు ఈ ప్రాంతమున మగ్గములు నెలకొల్పిరి. అంతకు మూడేండ్ల ముందే, 1682లో, రెండవ చార్లెసు రాజు అచ్చట గురు, శనివారములలో సంత జరుపుకొన శాసనమిచ్చి యుండెను. శరణార్థుల కుటుంబములకు కూడును గుడ్డయు సమకూర్చిన ఆ పేటనుండియే, ఒక తరము గడచునప్పటికి, పరదేశపు గుడ్డపై ఆగ్రహము పెల్లుబికినది. నిన్న వచ్చినవాడు నేడు వచ్చినదానిని అడ్డగించుట అన్ని దేశములలోను కలదు. నేతగాని యాకలి నిజమైనదే. మచిలీపట్టణపు అద్దకపువాని యాకలియు అంతే నిజమైనది. అతని మాట వినిపించు న్యాయస్థానము మాత్రము లండనులో లేకపోయెను.

ఈ ప్రాంతమున బ్రిక్‌లేను, ఫోర్నియరు వీధులు కలియు మూలను ఒక ఇటుకల భవనము కలదు. 1743లో హ్యూగెనాట్లు దానిని తమ ప్రార్థనామందిరముగా నిర్మించిరి. 1819లో అది మెథడిస్టు క్రైస్తవుల మందిరమయ్యెను. 1898లో యూదుల సినగాగు అయ్యెను. 1976లో వంగీయ మహమ్మదీయుల మసీదయ్యెను. ఒక్క గోడల నడుమ నాలుగు సమాజములు దేవుని కొలిచినవి. బయటి వీధిలో ఆయా కాలముల సరకులును అట్లే మారినవి: పట్టుదారము, పాతబట్టలు, ఉప్పుచేపలు, మసాలాలు.

19వ శతాబ్దపు నడుమ హెన్రీ మేహ్యూ అను పత్రికారచయిత వీధి అమ్మకందార్ల జీవితములను స్వయముగా విచారించి 1851లో గ్రంథముగా ప్రకటించెను. కూలి శనివారము రాత్రి ముట్టును గనుక ఆ రాత్రియు ఆదివారపు ప్రాతఃకాలమును బీదల సంతలకు సమయమని ఆయన వ్రాసెను. దీపముల వెలుగున బండ్లవాండ్రు ధర కేకవేయుచుండగా, చేతనున్న కొద్ది కాసులతో మరునాటి భోజనము కొనుటకు కుటుంబములు క్రిక్కిరిసి యుండెడివి. నారింజలు అమ్ముట మొదట యూదు బాలుర వృత్తి. కరవుచేత ఐర్లండునుండి వచ్చినవారు అంతకన్న చౌకగా అమ్మి దానిని చేజిక్కించుకొనిరి. పెట్టుబడి లేనివాడు మొదలిడగల వ్యాపారము వీధివ్యాపారమే. అందుచేత నగరమునకు ఎవరు క్రొత్తగా వచ్చిరో తెలియుటకు జనాభా లెక్కలకన్న ముందు తోపుడుబండ్లే సాక్ష్యము చెప్పును. తప్పుడు తూనికరాళ్ళ సంగతిని కూడ మేహ్యూ దాచలేదు. పేదవానిని పేదవాడే మోసగించు ఆ దుఃస్థితికి ఖచ్చితమైన తూనికల శాసనములే క్రమముగా కట్టుబాటు చేసినవి.

1880 తరువాత రష్యా సామ్రాజ్యమునుండి హింసకు జడిసి వచ్చిన యూదులతో తూర్పులండను నిండెను. పెట్టికోటులేను అను పాతబట్టల సంత వారిదే యనిపించుకొనెను. 1830 ప్రాంతమున ఆ వీధికి మిడిల్‌సెక్సు వీధి యని పేరు మార్చినను జనులు ఆ పేరును లెక్కచేయలేదు. యూదులకు విశ్రాంతి దినము శనివారము, దేశమునకు ఆదివారము. శనివారము మతము చేతను, ఆదివారము చట్టము చేతను కొట్టు మూసినవాడు బ్రతుకుట యెట్లు? 1936లో ఆదివారపు వ్యాపారమును నిరోధించు శాసనము చేయునపుడు, శనివారము మూసియుంచు యూదుల అంగళ్ళు ఆదివారము మధ్యాహ్నము రెండు గంటల వరకు తెరువవచ్చునని మినహాయింపు నిచ్చిరి. ఆ సంవత్సరముననే, అక్టోబరు 4వ తేదీన, యూదులపై ద్వేషము రగిల్చు ఫాసిస్టుల ఊరేగింపును కేబులు వీధిలో యూదులు, ఐరిషు రేవుకూలీలు కలిసి అడ్డగించిరి. విదేశీయుల రాకను అరికట్టు శాసనము 1905లోనే వచ్చియుండెను. ఆదరణయు నిరాదరణయు ఒకే కాలమున ఒకే వీధిలో నడచినవి.

భారతీయుల విషయమునకు వత్తము. పాట్నాకు చెందిన షేక్ దీన్ మహమ్మద్ 1810లో లండను జార్జి వీధియందు 'హిందూస్తానీ కాఫీ హవుసు' తెరచి మనదేశపు వంటకములను వడ్డించెను. రెండేండ్లలో అతడు దివాలా తీసెను. పిమ్మట బ్రైటనులో స్నానశాల పెట్టి కీర్తి గడించెను. 1926లో రీజెంటు వీధిలో ఎడ్వర్డ్ పామరు 'వీరస్వామి' భోజనశాలను ప్రారంభించెను. అంతకు పూర్వమే ఆ పేరుతో ఆయన మసాలా దినుసులు అమ్ముచుండెను. ఈ రెండును సంపన్నుల కుద్దేశింపబడినవి. ఓడలలో పనిచేయుచు వచ్చి రేవున మిగిలిపోయిన సిల్హెట్టు నావికులకు కావలసినది తమ యూరి బియ్యము, పప్పు, చేప. అట్టివారి కొరకు తూర్పులండనులో చిన్న కిరాణా కొట్లు వెలసినవి. బ్రిక్‌లేనులోని తాజ్ స్టోర్సు అట్లు 1936లో మొదలైనదే.

ఆ కాలమున వెళ్ళిన భారతీయునకు లెక్కలు మాత్రము క్రొత్తగా తోచియుండవు. పండ్రెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరువది షిల్లింగులు ఒక పౌండు. స్వదేశమున పండ్రెండు పైలు ఒక అణా, పదునారణాలు ఒక రూపాయి. దశాంశ నాణెములు భారతదేశమున 1957 ఏప్రిలు 1న రాగా, బ్రిటనులో 1971 ఫిబ్రవరి 15న వచ్చినవి. ఈ పదునాలుగేండ్ల నడుమ అక్కడికి వెళ్ళినవారు క్రొత్తగా నేర్చిన లెక్కను మరచి పాతలెక్కకు మరలవలసి వచ్చెను. 1940 నుండి 1954 జూలై వరకు అక్కడ ఆహారపు రేషను అమలులో నుండెను. మాంసము వలదని నమోదు చేసికొన్న శాకాహారులకు దానికి బదులు హెచ్చు జున్ను నిచ్చెడివారు. శాకాహారమునకు అలవాటుపడిన విద్యార్థులకు అది ఎంతటి యాదరువో చెప్పనక్కరలేదు.

1948 జూన్ 22న 'విండ్రషు' ఓడనుండి దిగిన కరీబియను ద్వీపవాసులలో బసలేని రెండువందల మందికి పైగా క్లాపమునందలి భూగర్భ ఆశ్రయమున ఉంచబడిరి. వారికి దగ్గరి ఉద్యోగకార్యాలయము బ్రిక్స్‌టనులో నుండుటచే పలువురు ఆ పేటలోనే గదులు వెదకుకొనిరి. విద్యుద్దీపములు వెలిగిన తొలి అంగడివీధులలో నొకటిగా పేరొందిన ఎలక్ట్రిక్ అవెన్యూలో కాలక్రమమున పెండలములు, కూర అరటికాయలు, ఉప్పుచేపలు కుప్పలుగా కనబడసాగినవి. పశ్చిమమున సౌతాలు గ్రామమునకు 1698లోనే పశువుల సంతకు రాజశాసనము లభించి యుండెను. 1950ల నుండి అచ్చటి కర్మాగారములకు వచ్చిన పంజాబీలు ఆ పాత సంతవీధి చుట్టును పిండి, పప్పు, బట్టల కొట్లు పెట్టిరి. 1956లో కెన్యా నుండి వచ్చిన లక్ష్మీశంకర్ పాఠక్ ఇంటి వంటగదిలో సమోసాలు, మిఠాయిలు చేసి అమ్మి, పిమ్మట యూస్టను స్టేషను చెంత డ్రమ్మండు వీధిలో కొట్టు పెట్టెను. ఆ కొట్టే కాలక్రమమున ప్రపంచమంతటికి పచ్చళ్ళు పంపు సంస్థ యయ్యెను.

ఈ ప్రగతి సులభముగా లభింపలేదు. 1970లలో బ్రిక్‌లేను ఆదివారపు సంత మొగదల జాత్యహంకారులు తమ పత్రికలు అమ్ముచు, వంగీయులను బెదరించుచుండిరి. 1978 మే 4న అల్తాబ్ అలీ అను ఇరువదియైదేండ్ల కుట్టుపనివాడు పనినుండి యిల్లు చేరుచు వైట్‌చాపెలులో హత్యగావింపబడెను. పది దినములకు వేలకొలది జనులు అతని శవపేటిక వెంట ప్రధానమంత్రి నివాసమునకు నడచిరి. ఆ పిమ్మట వంగీయ యువకులు తమ సంత మొగదలను తామే నిలిచి కాచుకొనిరి. హత్య జరిగిన చోటి ఉద్యానమునకు 1998లో అతని పేరు పెట్టబడెను.

నేడు లండనునకు క్రొత్తగా పోవు తెలుగు గృహిణికి ఈస్టుహాము వీధులలో సోనామసూరి బియ్యము, కరివేపాకు, మునగకాడలు, గోంగూర పచ్చడి సీసాలు లభించును. చిల్లర సరకుల తూనిక 2000 జనవరి 1 నుండి కిలోగ్రాములలోనే. అయినను తూర్పులండను సంతలలో పండ్లను గిన్నెలలో పేర్చి గిన్నె ఒక్కింటికి ఒక పౌండని అమ్ము ఆచారము వ్యాపించియున్నది. అందు త్రాసుతో పనిలేదు. భాష రానివారును గిన్నెను చూపి, నాణెమిచ్చి, సంచి పట్టవచ్చును. బేరమాడుట తక్కువ, వరుసలో నిలుచుట తప్పనిసరి.

అయితే సంతలకు నేడు వేరొక ముప్పు కలదు. కావెంటుగార్డెను కూరగాయల మార్కెట్టు 1974లోను, బిల్లింగ్స్‌గేటు చేపల మార్కెట్టు 1982లోను, స్పిటల్‌ఫీల్డ్సు టోకు మార్కెట్టు 1991లోను పాత తావులను విడిచిపోయినవి. స్మిత్‌ఫీల్డును, బిల్లింగ్స్‌గేటును డాగెన్‌హామునకు తరలించి నిర్మింపదలచిన క్రొత్త మార్కెట్టు ఆలోచనను నగర కార్పొరేషను 2024 నవంబరులో విరమించుకొనెను. పాత తావులలో కార్యాలయములు, ఖరీదైన భోజనశాలలు వెలయగా చుట్టుపట్ల అద్దెలు పెరుగును. రాళ్ళు రువ్వు మూకను పోలీసులు ఆపగలరు. పెరుగు అద్దె నిశ్శబ్దముగా వచ్చి, పది గజముల చోటు చాలునను క్రొత్తవానిని నెట్టివేయును.

ఈ దీర్ఘచరిత్రను పరికించినచో, క్రొత్తవానికి లండను సంతలో నిలకడ కల్పించినవి మూడని తెలియును: అందరికి ఒక్కటే కొలత, ఆలస్యము లేని న్యాయము, భరింపదగిన అద్దెకు కొద్దిపాటి చోటు. మూడింటిలో ఏది లోపించినను కలహము పుట్టినది. మూడును ఉన్నపుడు పరదేశి రెండు మూడు తరములలో ఇరుగుపొరుగువాడయ్యెను. మచిలీపట్టణపు రేవున ఆంగ్లేయుడు 500 వరహాలిచ్చి కోరినదియు ఇంతకన్న వేరు కాదు. సంతను ఏ ఊర పెట్టినను, నడపు అధికారులకు గుర్తుండవలసినది స్మిత్‌ఫీల్డులోని ఆ పాత న్యాయస్థానపు పేరు. కాళ్ళ దుమ్ము ఆరకముందే వానికి న్యాయము జరుగవలెనని ఆ కాలపువారు తలచిరి.